మూడు సైజుల ముక్కలు, ఒకే దుప్పటి: వశిష్ఠ ఒడ్డున ఒక లేసు గ్రూపు కేస్ స్టడీ

మహిళల లేసు గ్రూపులకు కొలతలు, డిజైన్, నాణ్యత తనిఖీ నేర్పడం నా పని. ఇది అలాంటి ఒక గ్రూపులో జరిగిన సంగతి. ఊళ్ల పేర్లు, ఆర్డరిచ్చిన వారి వివరాలు, మనుషుల్ని గుర్తుపట్టే విషయాలు తీసేశాను. కుట్ల లెక్కలు మాత్రం పూర్తిగా రాస్తున్నాను. ఈ కేసులో పనికొచ్చేదంతా వాటిలోనే ఉంది.

నేపథ్యం

నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు వైపున గానీ, గోదావరి పాయ వశిష్ఠ దాటి సఖినేటిపల్లి, రాజోలు వైపున గానీ లేసు అల్లే చెయ్యి లేని వీధి తక్కువ. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు తెచ్చిన పని ఇది. ఇంటి పనులు తెమిలాక అరుగు మీద కూర్చుని అల్లే పనిగా స్థిరపడింది. 2024లో నరసాపురం లేసుకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. మొదటినుంచీ ఈ పనిని ముక్కలుగానే పంచుతారు. ఒకరు పువ్వులు అల్లుతారు, ఒకరు అంచు వేస్తారు, ఇంకొకరు అన్నిటినీ కలిపి అతుకుతారు.

ఈ పంపకం గురించి కాస్త ఆగి చెప్పాలి. సన్నదారం లేసులో పదిమంది అల్లిన పువ్వులు పది రకాలుగా వస్తాయి. అయినా టేబుల్ క్లాత్ పరిచినప్పుడు ఆ తేడా కనబడదు. పువ్వుకూ పువ్వుకూ మధ్య గొలుసు కుట్ల వల ఉంటుంది కదా, తేడా అంతా అక్కడే సర్దుకుంటుంది. పువ్వు చిన్నదైతే అతికే ఆవిడ ఐదు గొలుసులకు బదులు ఏడు వేస్తుంది. పెద్దదైతే నాలుగుతో సరిపెడుతుంది. దీన్ని ఎవరూ కాగితం మీద రాయరు, ఎవరికీ విడిగా నేర్పరు. అతుకుపని చేసేవాళ్ల వేళ్లకే తెలుసు.

మనం చెప్పుకుంటున్న గ్రూపులో సగం మంది నదికి ఈవల, సగం మంది ఆవల ఉంటారు. నూలు, సూదులు (కొక్కెం ఉన్న క్రోషే సూదులు), అల్లిన ముక్కలు అన్నీ నది దాటించే పంటు మీదే అటూ ఇటూ వెళ్తాయి. పెద్ద నగరంలోని ఒక గృహాలంకరణ దుకాణం వాళ్లకు ఆరు దుప్పట్ల ఆర్డరిచ్చింది. సన్నదారం కాదు, లావు కాటన్ నూలు. రంగు లేత గోధుమ. ఒక్కో చదరపు ముక్క ఆరు చుట్లు, ఖాళీల్లేని నిండు అల్లిక, ఒక్కో వైపు అంచుకు 25 కుట్లు, వెడల్పు 13.5 సెంటీమీటర్లు. వరుసకు 11 చొప్పున 13 వరుసలు, అంటే దుప్పటికి 143 ముక్కలు. దుకాణం వాళ్లు పంపిన నమూనాను 4.5 మిల్లీమీటర్ల సూదితో అల్లారు.

సమస్య

పని మొదలైన కొద్ది వారాలకే గోదావరికి వరద వచ్చింది, పంటు ఆగిపోయింది. ఆవలి ఒడ్డు వాళ్లకు నూలు ముందే చేరింది, సూదులు మాత్రం చేరలేదు. ఊరికే కూర్చోలేక దగ్గర్లోని దుకాణంలో దొరికినవి కొనుక్కుని పని కానిచ్చారు. నది తగ్గాక ముక్కలన్నీ ఒకచోటికి చేరాయి. అతకడం మొదలుపెట్టిన రోజే గ్రూపు లీడర్ నుంచి నాకు ఫోన్ వచ్చింది. "మేడమ్ గారూ, ఏ రెండూ కలవట్లేదండీ. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు."

వెళ్లి చూస్తే దాదాపు 860 ముక్కలు మూడు సైజుల్లో ఉన్నాయి. ఈవలి ఒడ్డు ముక్కలన్నీ, అంటే సుమారు సగం, 13.5కు అటూ ఇటూగా బాగానే వచ్చాయి. ఆవలి ఒడ్డువి మాత్రం కొన్ని 12.3 దగ్గర, కొన్ని 14.8 దగ్గర ఆగాయి. మధ్యస్థంగా వచ్చింది దాదాపు ఒక్కటీ లేదు.

నా కంట ముందు పడింది ఈ చివరి విషయమే. చేతి బిగువు ఒక్కటే కారణమైతే కొలతలు 12 నుంచి 15 దాకా మెల్లగా పరుచుకుని ఉండాలి. ఇక్కడ రెండు కుప్పలుగా విడిపోయి ఉన్నాయి. కుప్పలు పడ్డాయంటే మనుషుల కన్నా ముందు వస్తువును అనుమానించాలి. సూదులు అడిగాను. కొన్నింటి మీద నంబరే లేదు, కొన్నింటి మీద అరిగిపోయింది. వడ్రంగి దగ్గర ఒక చెక్కపట్టీకి 4, 4.5, 5 మిల్లీమీటర్ల బెజ్జాలు వేయించి ఒక్కో సూదినీ దూర్చి చూశాం. ఈవలి ఒడ్డువన్నీ 4.5. ఆవలి ఒడ్డున కొన్నవాటిలో సగం 4, సగం 5.

అంతటితో ఆపకుండా ఈవలి ఒడ్డున ఒకావిడకు 4, 5 సూదులు రెండూ ఇచ్చి చెరో ముక్క అల్లించాను. 12.8, 14.3 వచ్చాయి. అసలు ముక్కల్లో ఉన్న తేడా ఇంతకన్నా ఎక్కువ. ఇటు అర సెంటీమీటరు, అటు అర సెంటీమీటరు మిగిలిపోతోంది. అది చేతిదే అయ్యుండాలి. ఎవరు ఏ సూది తీసుకున్నారని ఆరా తీస్తే సంగతి తెలిసింది. ఏళ్ల తరబడి సన్నదారం అల్లిన పెద్దవాళ్లు అలవాటు కొద్దీ సన్నసూది ఏరుకున్నారు. వాళ్ల చెయ్యి సహజంగానే బిగువు. కొత్తగా చేరిన అమ్మాయిలకు లావుసూది తేలికనిపించింది, వాళ్ల చెయ్యి వదులు. సూది తేడా మీద చేతి తేడా కూడా కలిసింది. ఇది పుస్తకంలో రాసిపెట్టుకున్నాం. తర్వాత పనికొచ్చింది.

ఇక్కడే కూలి ప్రస్తావన వచ్చింది. సైజు తప్పిన ముక్కలకు కూలి తగ్గించాలని దుకాణానికీ గ్రూపుకూ మధ్య నడిచే మధ్యవర్తి పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు. ముక్క చిన్నదైనా పెద్దదైనా కుట్లు అన్నే, పట్టే సమయం అంతే. సూది ఇవ్వాల్సింది పని ఇచ్చినవాళ్లు. ఇది ముందే తేల్చకపోతే ఆ తర్వాత ఏ పరిష్కారానికీ ఆవలి ఒడ్డు వాళ్లు మనసుపెట్టి రారు.

పనికిరాని దారులు

ముందుగా నడిమి సైజు ముక్కల్లోంచి రెండు దుప్పట్లకు సరిపడా 286 పక్కన పెట్టించాను. అవి ఆర్డరు ప్రకారం వెళ్లిపోతాయి. మిగతా వాటి గురించే ఆలోచన.

అందరికీ తట్టే ఉపాయం తడిపి లాగడం. చిన్న ముక్కను నీళ్లలో ముంచి, పిండి, చెక్క మీద 13.5కు లాగి గుండుసూదులు గుచ్చి ఆరబెట్టాలి. కాటన్ కాబట్టి పొడిగా ఉన్నంతసేపూ మాట వింటుంది, ఒక్క ఉతుకు పడగానే మళ్లీ మొదటికొస్తుంది. పెద్ద ముక్కను లోపలికి నొక్కడం ఎలాగూ కుదరదు. పైగా అవి ముసురు రోజులు. ముక్కలు ఎంతకీ ఆరక వాసనపట్టాయి, మామూలు గుండుసూదులు తుప్పుపట్టి మూలల్లో ఎర్రటి చుక్కలు మిగిల్చాయి. ఆ మరకలు పోగొట్టడం ఇంకో పని. ఎవరైనా ఇలా చేయదలిస్తే తుప్పుపట్టని స్టీలు సూదులే వాడాలి.

తర్వాతది చిన్న ముక్కకు ఇంకో చుట్టు కలపడం. పొట్టి కుట్టుతో ఒక చుట్టు వేస్తే వెడల్పు ఒక సెంటీమీటరు దాకా పెరుగుతుంది. కొలత దగ్గరికొచ్చింది గానీ అంచు కుట్లు 25 దాటిపోయాయి, పక్క ముక్కతో కుట్టుకు కుట్టు కలవదు. రంగు గొడవ కూడా వచ్చింది. మొదటి లాటు (ఒకే విడతలో రంగేసిన) నూలు అయిపోయింది. అదే రంగు, అదే కంపెనీ అని తెచ్చిన కొత్త లాటు పక్కన పెడితే ఒక ఛాయ తేడా. దగ్గర దగ్గరగా ఉండి కలవని రంగు ఎప్పుడూ పొరపాటులానే కనబడుతుంది. పూర్తిగా వేరే రంగు వేస్తే కావాలనే వేశారనుకుంటారు. ఈ ఒక్క సంగతే మమ్మల్ని తర్వాతి మెట్టుకు ఎక్కించింది.

చిన్నా పెద్దా చదరంగం గళ్లలా మార్చి మార్చి పెడదామని గ్రూపులో ఒకమ్మాయి అంది. నేల మీద పరిస్తే ముచ్చటగానే ఉంది. మూడేసి ముక్కలు మూడు వరుసలు అతికి చూశాం. మధ్యలో పెద్ద ముక్క పూరీలా ఉబ్బింది. నాలుగు పక్కలా చిన్నవి లాగుతుంటే దానికి పరుచుకోవడానికి చోటేదీ?

మలుపు

ఆవలి ఒడ్డు నుంచి అతుకుపని చేసే ఒక పెద్దావిడ ముక్కలు తీసుకెళ్లడానికి వచ్చారు. మేము చదరంగం విప్పుతుంటే కాసేపు చూసి, చాప మీద ఒక వరుసలో అన్నీ చిన్నవే పేర్చారు. దాని కింద అన్నీ పెద్దవి, ఆ కింద నడిమివి. తర్వాత చీర కొంగుతో వెడల్పు కొలిచారు. "ఇదిగో చూడండమ్మా, ఇయి పన్నెండు, ఇయి పది, ఇయి పదకొండు. అన్నీ ఒకే కాడికి వచ్చినియ్యి."

టేపు పెట్టి చూశాం. అతుకు మందం కలుపుకుంటే మూడు వరుసలూ 150 సెంటీమీటర్ల దగ్గరే ఆగాయి. సూదులు అర మిల్లీమీటరు చొప్పున పెరగడం, చేతి తేడా రెండూ కలిసి ముక్కలు కూడా దాదాపు పదో వంతు చొప్పున పెరిగాయి. అందుకే 12, 11, 10 లెక్క అంత చక్కగా కుదిరింది. కలిసొచ్చిందే అనుకోండి. కానీ అలా కలిసొచ్చిందని తెలియాలంటే ఒకే చేతివి ఒక వరుసలో పెట్టి చూడాలి. అతుకుపని చేసేవాళ్లకు తప్ప ఆ చూపు ఉండదు. మేమంతా ముక్కల్ని ఎలా సరిచేయాలా అని తల బద్దలు కొట్టుకుంటుంటే ఆవిడ ముక్కల జోలికే పోలేదు, వాటి మధ్య ఖాళీని చూశారు.

అయితే వరుసల లోపల కలిసింది గానీ వరుసకూ వరుసకూ మధ్య కలవదు. పన్నెండు ముక్కల అంచు 300 కుట్లు, పదకొండుది 275, పదింటిది 250. ఇక్కడ సన్నలేసులో గొలుసులు చేసే పనిని ఇంకేదో చేయాలి. రెండు వరుసల మధ్య రెండు సెంటీమీటర్ల సాదా పట్టీ అల్లుదామనుకున్నాం. పట్టీలన్నీ ఒకే మనిషి, ఒకే 4.5 సూదితో అల్లాలి. ఆ చేతికి 150 సెంటీమీటర్లకు 275 కుట్లు పడతాయి. కాబట్టి:

నడిమి వరుస మీద కుట్టుకు కుట్టు.
పెద్ద వరుస మీద ప్రతి పదో కుట్టులో రెండు కుట్లు, అప్పుడు 250 కాస్తా 275 అవుతుంది.
చిన్న వరుస మీద ప్రతి పన్నెండు కుట్లలో రెండింటిని కలిపి ఒకటి, అప్పుడు 300 దిగి 275కు వస్తుంది.

పట్టీ రంగు ముదురు ఆకుపచ్చ ఎంచుకున్నాం. కలవని లాటు గొడవ దానితో పోయింది. అల్లే ముందు ఆకుపచ్చ నూలును గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, తెల్లగుడ్డతో రుద్ది చూడమన్నాను. మొదట తెచ్చినది రంగు వదిలింది. గోధుమ రంగు ముక్కల పక్కన అది ఉంటే మొదటి ఉతుకులోనే దుప్పటి పాడయ్యేది. వెనక్కిచ్చేసి వేరేది తెచ్చారు.

వరుసల క్రమం మీద కాస్త వాదన జరిగింది. పై నుంచి కిందికి చిన్న నుంచి పెద్దకు వెళ్దామని కొందరన్నారు. పేర్చి చూస్తే దుప్పటి ఒక చివర కుంచించుకున్నట్టు కనబడింది. బిగువు ముక్కలన్నీ ఒకవైపు చేరి అటు బరువుగా, బిరుసుగా వేలాడింది. అందుకని కలిపేయాలనుకున్నాం. మొత్తం 11 వరుసలు: పెద్దవి నాలుగు, చిన్నవి నాలుగు, నడిమివి మూడు. రెండు చివర్లకూ నడిమివే పెట్టాం, చివర తిన్నగా ఉంటే మధ్యలో ఎన్ని వంకర్లున్నా కన్ను క్షమిస్తుంది. ఒకే సైజు వరుసలు పక్కపక్కన రాకూడదని ఇంకో నియమం.

మొదటి దుప్పటి సగం అయ్యాక ఒక చిక్కు బయటపడింది. పది ముక్కల వరుసలో ఐదో అతుకూ, పన్నెండు ముక్కల వరుసలో ఆరో అతుకూ సరిగ్గా నడుమ, 75 సెంటీమీటర్ల దగ్గరే పడతాయి. ఎనిమిది వరుసల్లో అదే చోట అతుకు. మడత పెట్టి ఇస్త్రీ చేసినట్టు నిలువునా గీత. మిగతా అతుకులన్నీ చెదిరి ఉండటంతో ఆ ఒక్క గీత మరీ కొట్టొచ్చినట్టుంది. ముక్కను సగానికి కోయలేం. పెద్ద వరుసకు ఎడమ చివర, చిన్న వరుసకు కుడి చివర మూడేసి సెంటీమీటర్ల ఆకుపచ్చ పట్టీ నిలువుగా కలిపించాను. నడిమి వరుసకు చెరోవైపు ఒకటిన్నర. వరుసకు ఆరు కుట్లు పెరిగి అడ్డపట్టీ 281 అయింది. అతుకులు పక్కకు జరిగాయి, గీత మాయమైంది.

నేల మీద పరిచాక దాన్ని చూసినవాళ్లంతా ఒకటే మాటన్నారు: చేలు, గట్లు. ధవళేశ్వరం దిగువన కాలువల కింద మడులు ఒకదాని పక్కన ఒకటి సమానంగా ఉండవు కదా, గట్టు ఒకచోట ఆగి పక్క చేలో ఇంకోచోట మొదలవుతుంది. అచ్చం అలానే వచ్చింది. "చేలగట్లు" అన్న పేరు గ్రూపు పెట్టిందే. ముందు బొమ్మ అనుకుని చేసింది కాదు, లెక్క కుదిరాక బొమ్మ కనబడింది.

కొన్నవారితో

దుకాణం వాళ్లకు ఏం చెప్పాలన్నది వేరే నిర్ణయం. డిజైన్ మార్చామని చెప్పి పంపేద్దాం అని మధ్యవర్తి సలహా. నేను గ్రూపు లీడర్‌కు చెప్పింది ఇది: వాళ్లడిగింది గళ్ల దుప్పటి, మన దగ్గర సరైనవి రెండే ఉన్నాయి, ఆ రెండూ పంపుదాం, మిగతా నాలుగింటి సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పి, కొత్తదాని ఫోటో, కొలతలు విడిగా పంపుదాం. వాళ్లు రెండు తీసుకుని మిగతా ఆర్డరు రద్దు చేశారు. కొత్తది ఒకటి నమూనాగా అదే ధరకు తీసుకున్నారు. మిగిలిన మూడు ఒక ఎగ్జిబిషన్‌లో అమ్ముడయ్యాయి. మిగిలిపోయిన చిన్నా పెద్దా ముక్కలతో దిండు గలీబులు కుట్టారు. లాభం వచ్చిందా అంటే ఆ దఫా లేదు. నూలు డబ్బులు, కూలి వెనక్కొచ్చాయి, అంతే.

డిజైన్ రిజిస్టర్ చేద్దామా అన్న మాట వచ్చింది. జీఐ గుర్తింపు ప్రాంతపు పేరునూ పనితనాన్నీ కాపాడుతుంది గానీ ఒక ఫలానా డిజైన్‌ను కాదు. దానికి 2000 నాటి డిజైన్ల చట్టం కింద దరఖాస్తు పెట్టుకోవాలి. రిజిస్టరైతే పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదేళ్లు హక్కు ఉంటుంది. అయితే దరఖాస్తుకు ముందే డిజైన్ బయటపడి ఉండకూడదు. అప్పటికే దుప్పటి ఎగ్జిబిషన్‌లో వేలాడింది, ఫోటోలు సోషల్ మీడియాలో తిరిగాయి. ఆ దారి మూసుకుపోయింది. ఇతర గ్రూపులు ఈ ఒక్క విషయంలో ముందే జాగ్రత్తపడితే మంచిది, ఫోటో పెట్టడం ఎప్పుడైనా పెట్టొచ్చు.

రెండోసారి

నా దృష్టిలో అసలు పరీక్ష ఇది. ఒకసారి కుదిరినదాన్ని అదృష్టం అనొచ్చు. కావాలని మళ్లీ చేయగలిగితేనే దాన్ని డిజైన్ అనాలి. సంక్రాంతి వెళ్లాక అదే దుకాణం చేలగట్లు దుప్పట్లు కావాలని అడిగింది. ఈసారి సూదులు గ్రూపే కొని, పిడికి రంగుదారం చుట్టింది: 4కు ఎరుపు, 4.5కు తెలుపు, 5కు పసుపు. ఒడ్డుల వారీగా పంచేశారు. చిన్న ముక్కలు ఆవలి ఒడ్డున, పెద్దవి ఈవల.

చిన్న ముక్కలు 12.8 వచ్చాయి. పన్నెండు పేరిస్తే 156 అవుతుంది, పట్టీ చాలక వరుస అలలు తిరిగింది. మొదటిసారి పుస్తకంలో రాసుకున్న అర సెంటీమీటరు సరిగ్గా ఇదే. ఎర్రదారం సూది ఈసారి బిగువు చేతికీ వదులు చేతికీ కలిపి వెళ్లింది. పాత పేజీ తీసి చూపిస్తే లీడర్‌కు వెంటనే అర్థమైంది. అల్లిన ముక్కల్ని పారేయలేదు, సాదా గళ్ల పిల్లల దుప్పట్లకు వాడారు. సూదుల పంపకం మాత్రం మార్చారు, ఒడ్డును బట్టి కాకుండా చేతిని బట్టి.

ఇప్పుడు ఆ గ్రూపులో ఎవరు చేరినా ముందు తెల్లదారం సూదితో ఒక ముక్క అల్లిస్తారు. 13.2 కన్నా తక్కువ వస్తే ఎర్రసూది, 13.8 దాటితే పసుపు, మధ్యలో ఉంటే తెలుపే. ఆరు నెలలకోసారి మళ్లీ కొలుస్తారు, ఎందుకంటే లావు నూలు అలవాటయ్యేకొద్దీ పెద్దవాళ్ల చెయ్యి కూడా వదులవుతోంది. పట్టీలు అల్లే పని మొదటి పెద్దావిడదే. ఆవిడకు అది మీటరు లెక్కన కాకుండా గంటల లెక్కన ఇవ్వాలని నేను పట్టుబట్టాను. కలపడం, పెంచడం ఉన్న వరుసకూ సాదా వరుసకూ ఒకే రేటు కడితే ఆ పని నేర్చుకోవడానికి ఇంకెవరూ ముందుకు రారు. ఇద్దరు అమ్మాయిలు ఇప్పుడు ఆవిడ పక్కన కూర్చుని నేర్చుకుంటున్నారు, ఇంకా పన్నెండుకు పదకొండు లెక్క తప్పుతూనే ఉన్నారు.